కిటికీ మీద పుస్తకాలు

ముందు ఆ మాట చెప్పేస్తాను, లేకపోతే మిగతాది రాయలేను. నేను బి.ఎస్సీ. పాసయ్యాను. లెక్కల్లో ఫస్టు క్లాసు. మా నాయన వైపుగానీ అమ్మ వైపుగానీ కాలేజీ గడప తొక్కినవాళ్ళే లేరు. అలాంటిది మొన్న గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్లో నంబరు కొట్టగానే తెరమీద నా పేరు, పక్కన మార్కులు వచ్చాయి. నెట్ సెంటరాయనకి చెప్పాను. ఆటో ఆయనకి చెప్పాను. బస్సులో నా పక్కన కోడిని చంకలో పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకి కూడా చెప్పాను. ఉద్యోగమొచ్చిందా అని అడిగింది. రాలేదన్నాను. అయినా సంతోషపడింది.

విన్న ప్రతివాళ్ళూ లెక్కలే ఎందుకు తీసుకున్నావని అడుగుతున్నారు. ఇష్టమండీ అని తప్పించుకుంటున్నాను. నిజానికి ఏడో తరగతిలో లెక్కలంటే నాకు ఇష్టం లేదు, భయం. నవ్వుకుంటూ ఊరంతా తిరుగుతున్న ఈ రోజుల్లో కూడా ఆ ఏడాది గుర్తొస్తే నవ్వు ఆగిపోతుంది.

మా ఊరికి ఒక పక్క పత్తి చేలు, ఇంకో పక్క మిరప. మాకు మాత్రం సెంటు భూమి లేదు. కోతలప్పుడు అమ్మ కూలీల ముఠాతో కలిసి మిరపకోతకి వెళ్ళేది. సాయంత్రాలు ఇంట్లో ముచ్చికలు తీసేవాళ్ళం. ఎండు మిరపకాయ పైన ఉండే తొడిమనే మా వైపు ముచ్చిక అంటారు. వ్యాపారి తాలూకు మనిషి బస్తా తెచ్చి వాకిట్లో దింపేవాడు. పొద్దున్నే మళ్ళీ వచ్చేసరికి కాయ ఒక కుప్ప, ముచ్చిక ఒక కుప్ప అయిపోయి ఉండాలి. అమ్మ, నేను, పక్కింటి పిన్ని, ఆవిడ కూతురు నలుగురం ఒక్కచోటే కూర్చునేవాళ్ళం. ఆ కూతురూ నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ. నాకంటే అందగత్తె, నాకంటే మాటకారి.

ముచ్చికలు తీసిన చేతులు ఎలా మండుతాయో తీసినవాళ్ళకే తెలుసు. వెంటనే మండవు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, హాయిగా ఉందనుకున్నప్పుడు గోళ్ళ సందుల్లోంచి మొదలవుతుంది. మజ్జిగలో ముంచేవాళ్ళం, కొబ్బరినూనె రాసేవాళ్ళం. నూనె రాసుకుంటే మంట తగ్గుతుంది కానీ హోంవర్కు సాగదు. కాగితానికి నూనె అంటిన చోట బాల్‌పెన్ను జారిపోతుందేగానీ రాయదు. నూనె లేకుండా రాస్తే కారం కాగితానికి అంటుతుంది. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోవాలి. మేమందరం కారాన్నే ఎంచుకున్నాం.

ఏడో తరగతికి అప్పట్లో జిల్లా మొత్తానికీ ఒకటే పరీక్ష ఉండేది. ఆ ఏడు బడి తెరిచిన రోజే అమ్మ చెప్పేసింది, పాసైతే ఎనిమిదికి పంపుతాను, తప్పితే నాతోపాటు ముఠాలోకి రావాలని. బెదిరింపుగా చెప్పలేదు. రేపు వంకాయ కూర అన్నట్టు చెప్పింది. అందుకే ఎక్కువ భయమేసింది.

లెక్కల మాస్టారు ఆ ఏడే మా బడికి బదిలీ మీద వచ్చారు. అంతకుముందున్నాయన హోంవర్కు ఇచ్చేవారు కానీ చూసేవారు కాదు. ఈయన రోజూ ఇచ్చేవారు, రోజూ చూసేవారు. ప్రతి పుస్తకం, ప్రతి లెక్క. తప్పు ఎక్కడ జరిగిందో సరిగ్గా ఆ వరుస కింద ఎర్రగీత పెట్టి పక్కన సరైనది రాసేవారు. ఆయనకొక అలవాటుంది. నాలుకతో వేలు తడుపుకుని గాని పేజీ తిప్పరు.

పండగ వెళ్ళి బస్తాలు దిగడం మొదలైన వారంలోనే అది జరిగింది. మాస్టారు మా పుస్తకాలు దిద్దుతున్నారు. వేలు నాలుక మీదికీ పేజీ మీదికీ తిరుగుతోంది. కాసేపటికి పెదాలు చప్పరించారు. తర్వాత దగ్గారు. కళ్ళజోడు తీసి, అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. ఇంక చూడాలి. ఆయన కుర్చీలోంచి లేచి తలుపు ఎక్కడుందో తెలియక బోర్డుకి వెళ్ళి గుద్దుకున్నారు. క్లాసంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. నా బెంచీ పిల్ల అయితే, మన కాయ గుంటూరు సన్నం కదా, ఆ మాత్రం ఘాటుండదా మరి అని గొణిగి ఇంకా నవ్వించింది.

మర్నాడు మాస్టారు కొత్త పద్ధతి పెట్టారు. ఇళ్ళల్లో మిరపకాయల పని ఉన్నవాళ్ళు పుస్తకాలు బల్లమీద పెట్టకూడదు, కిటికీ గట్టు మీద పెట్టాలి. కోపంగా చెప్పలేదు. ఆయన కళ్ళు ఇంకా వాచి ఉన్నాయి. తీరిక చూసుకుని చూస్తానన్నారు. మొదటి రెండు మూడు రోజులు నిజంగానే కాగితం ముక్క వేలికి చుట్టుకుని చూశారు. తర్వాత చూడలేదు. పొద్దున్న కిటికీ మీద పెట్టేవాళ్ళం, సాయంత్రం తీసుకునేవాళ్ళం. వాటి మీద ఎండ పడేది, కాకి రెట్ట పడేది, ఎర్రసిరా మాత్రం పడేది కాదు.

ఊళ్ళో మిరప లేని ఇల్లు లేదు. కానీ పొలం ఉన్నవాళ్ళ పిల్లలు కాయ ముట్టుకోరు. షాపులవాళ్ళ పిల్లలు అసలే ముట్టుకోరు. వాళ్ళ పుస్తకాలు బల్లమీదే ఉండేవి.

ఇంగ్లీషు మేడం సంగతి వేరు. ఆవిడ పుస్తకాలు ముట్టుకోవడమే తక్కువ. రాసుకొచ్చిన జవాబులు లేచి నిలబడి చదవమనేవారు. తప్పు చదివితే అక్కడే ఆపి మళ్ళీ చదివించేవారు. అందుకని ఆ ఏడు నాకు ఇంగ్లీషు చెడిపోలేదు. లెక్కలు అలా చదివి వినిపించే వీలు లేదు. లెక్కని కళ్ళతో చూడాల్సిందే.

కిటికీ వాళ్ళందరికీ అది సెలవులా ఉంది. మెల్లగా హోంవర్కు రాయడం మానేశారు. నా బెంచీ పిల్ల నిన్నటి పుస్తకాన్నే ఇవాళా పెట్టేది. చూడని దేవుడికి రోజూ కొత్త కొబ్బరికాయ ఎందుకే అనేది. నేను మాత్రం రాస్తూనే ఉన్నాను, పరీక్ష భయంతో. సరిగ్గా అప్పుడే సమీకరణాలు మొదలయ్యాయి. ఎక్స్ ఒక పక్క, అంకెలు ఇంకో పక్క ఉంటాయి. మూడు ఎక్స్ లోంచి నాలుగు తీసేస్తే పదకొండు, ఎక్స్ ఎంత? నేను ఆ మైనస్ నాలుగుని మైనస్ గానే ఇవతలికి తెచ్చేదాన్ని. పదకొండులోంచి నాలుగు పోతే ఏడు, ఏడుని మూడుతో భాగించాలి. అన్ని లెక్కలకీ ఇలా వంకర భిన్నాలే వచ్చేవి. పెద్ద క్లాసు లెక్కలంటే జవాబులు ఇంతేనేమో అనుకుని పేజీలకి పేజీలు నింపాను.

యూనిట్ టెస్టులో సమీకరణాలన్నిటికీ సున్నా వచ్చింది, తప్పెక్కడో చూపే ఎర్రగీత మాత్రం లేదు. సంతకం పెట్టించుకు రమ్మంటే పేపరు తెచ్చి అమ్మకిచ్చాను. అమ్మకి చదువు రాదు గానీ సున్నా తెలుసు.

"రోజూ రాత్తానే ఉన్నావు గదే. ఏం రాత్తన్నావు మరి?"

మాస్టారు మా పుస్తకాలు చూడటం లేదని చెప్పాను. రాని పనికి సాకులు చెప్పబాకంది. కానీ మర్నాటి నుంచి వరస మార్చేసింది. బడి వదలగానే ముందు లెక్కలు, అవి అయ్యాకే బస్తా దగ్గరికి రావాలి. అంతదాకా నా వాటా ముచ్చికలు కూడా తనే తీసేది. కొత్త పుస్తకం కొనిచ్చి, ఇంట్లో గాలే కారం కాబట్టి దాన్ని ఇంటికే తేవద్దంది. నేను బడి వరండాలోనే కూర్చుని రాసి, అమ్మ కడిగి ఆరబెట్టి ఇచ్చిన ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బడి పక్కనున్న టైలరు మామ్మ దగ్గర దాచేదాన్ని. ఆవిడ దాన్ని బట్టల మధ్య పెట్టేది.

కారం సోకని పుస్తకం పట్టుకుని మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళాను. సార్, దీనికి మిరప తగల్లేదు సార్ అన్నాను. ఆయన తల ఎత్తకుండానే, అక్కడ పెట్టమ్మా అని కిటికీ వైపు చెయ్యి చూపించారు. నేను అక్కడే నిలబడ్డాను. చెప్పాగా అన్నారు. బల్లమీద పుస్తకాలున్నవాళ్ళందరూ నా వైపు చూస్తున్నారు. వెళ్ళి కిటికీ మీద పెట్టాను. ఏడవలేదు గానీ ఆ పూట ఇంగ్లీషు క్లాసులో చదవమంటే ఒకే వరుస రెండుసార్లు చదివాను.

ఇంటికెళ్ళి ఆ మాట అమ్మకి చెప్పాను. రెండో రోజు లెక్కల పీరియడ్ మధ్యలో అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేలోంచి అటే వచ్చేసింది. తలకి గుడ్డ, ఒంటి మీద మగవాళ్ళ చొక్కా, ఆ చొక్కా నిండా ఎర్రటి దుమ్ము. ముందు బెంచీలో ఎవరో తుమ్మారు.

"మాస్టారండీ, మా పిల్ల పుస్తకం ఒకసారి చూడండయ్యా. అది సుబ్బరంగా ఉంది. ఏ ఇంటి పుస్తకమైనా దాని ముందు పనికిరాదు" అంటూ కిటికీ దగ్గరికి నడిచి, నీది ఏదే అని నన్నడిగి, పుస్తకం తీసింది. తీసి, సుబ్బరంగా ఉందని చూపించడానికి, పేజీ తర్వాత పేజీ తన వేళ్ళతో తిప్పడం మొదలుపెట్టింది.

వద్దమ్మా అనబోయాను. అనేలోపే సగం పుస్తకం తిప్పేసింది. పొద్దుట్నుంచీ కాయలు కోసిన వేళ్ళు అవి. ఇన్ని రోజులు టైలరు మామ్మ బట్టల్లో దాచుకున్న పుస్తకానికి, ఒక్క పేజీ వదలకుండా, కారం పట్టించేసింది. మాస్టారు ఆ వేళ్ళనే చూస్తున్నారు. ఆయనకి అర్థమైంది. అమ్మకి మాత్రం కాలేదు.

"చూడండి" అని పుస్తకం చాచింది.

ఆయన రెండు చేతులతో అందుకున్నారు. వేలు నాలుకదాకా వెళ్ళి మధ్యలోనే ఆగింది. పొడి వేలితోనే తిప్పారు. నిలబడే చదివారు. ఒక పేజీ, ఇంకో పేజీ. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. తర్వాత పుస్తకం మూసి, నా చేతికి సుద్దముక్క ఇచ్చారు.

"మొదటి లెక్క బోర్డు మీద చెయ్యి."

చేశాను. ఏడు బై మూడు అని రాసి కింద గీత కూడా కొట్టాను.

"ఆ మైనస్ నాలుగు ఏమైంది?"

ఇవతలికొచ్చింది సార్ అన్నాను. ఎలా వచ్చిందని అడిగారు. మైనస్ గానే సార్ అన్నాను. వెనక బెంచీలు నవ్వాయి. ఆయన నవ్వలేదు. రెండు పక్కలా నాలుగు కలిపి చూడమన్నారు. కలిపాను. అవతల మైనస్ నాలుగు పోయింది. ఇవతల పదిహేనైంది. ఎక్స్ ఐదు. భిన్నం లేదు, ఏమీ లేదు, ఉత్త ఐదు. నెలన్నాళ్ళుగా నింపిన పేజీలన్నీ ఆ ఐదు చుట్టూ ఒక్కసారిగా కూలిపోయాయి. సిగ్గు, సంతోషం రెండూ కలిసొచ్చాయి. 

"వచ్చిందా అయ్యా?" అని మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డ అమ్మ అడిగింది.

"ఇప్పుడొచ్చిందమ్మా" అన్నారు మాస్టారు.

ఆ మర్నాటి నుంచి కిటికీ పద్ధతి పోయింది. కిటికీ పిల్లలు రోజూ వంతుల వారీగా బోర్డు మీద హోంవర్కు చెయ్యాలి. పుస్తకం ముట్టుకునే పని లేదు, కారం గొడవ లేదు. నాకైతే ప్రాణం లేచొచ్చింది. మూడో రోజున నా బెంచీ పిల్ల వంతు వచ్చింది.

అది పండగ దాటాక ఒక్క లెక్క కూడా చెయ్యలేదు. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగి నిలబడింది. ఏమీ రాయలేదు. మాస్టారు మెల్లగా అడుగుతున్నారు, పోనీ ఇది చెయ్యి, పోనీ ఇది చెయ్యి అని. ఆయన తేలికైనది అడిగిన కొద్దీ వెనక నవ్వులు పెరిగాయి. అందరికంటే బాగా మాట్లాడే పిల్ల సుద్దముక్క బల్లమీద పెట్టి వచ్చి కూర్చుంది. మర్నాడు బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

సాయంత్రం బస్తా దగ్గర ఎందుకు రావట్లేదని దాన్ని అడిగాను. నేను నేర్పుతాను, రెండు రోజుల్లో వచ్చేస్తుంది అన్నాను. కాయల్లోంచి తల ఎత్తలేదు.

"కిటికీ మీద ఉన్నన్నాళ్ళు నా పుస్తకం బానే ఉంది గదే. మీ అమ్మొచ్చి నా గుట్టు బైటేయించింది."

వాళ్ళమ్మ విన్నది. మా అమ్మా విన్నది. ఇద్దరి చేతులూ కాయల మీద ఆడుతూనే ఉన్నాయి. తర్వాత వారం నుంచి అది వాళ్ళమ్మతో కోతకి పోవడం మొదలుపెట్టింది. పరీక్ష రోజుల్లోనైనా వస్తుందని నా పక్కన దాని చోటు వదిలి కూర్చునేదాన్ని. హాల్ టికెట్టు కూడా వచ్చింది. పరీక్షకి రాలేదు.

ఎండాకాలం చివర ఫలితాలు బడి ఆఫీసు గోడకి అంటించారు. నా నంబరు ఉంది. పరుగెత్తుకుంటూ వచ్చాను. అమ్మ ఇంట్లో లేదు, ఊరి చివర కాయలు ఎండబోసే కల్లంలో ఆడవాళ్ళందరితో కలిసి ముచ్చికలు తీస్తోంది. పాసయ్యానమ్మా అని దూరం నుంచే చెప్పాను. అమ్మ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో ఒకటి అన్నారు. వాళ్ళ మధ్యలో కూర్చున్న నా బెంచీ పిల్ల, ఎప్పటిలాగే, కొంచెం పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చోబోయాను.

"నువ్వు కూచోబాక. కాయ మీద చెయ్యెయ్యబాక" అంది అమ్మ. ఎంత సంతోషంగా అందో.

జరిగిన పిల్ల మళ్ళీ మొదటి చోటికి జరగలేదు. ఆ ఖాళీ అలాగే ఉంది. నేను ఎండలో నిలబడి, వాళ్ళ చేతులు ఆడుతుంటే చూస్తూ ఉన్నాను.