హమ్మింగ్ తీసేసిన సెట్టు

దయ్యం అనే మాట నా దుకాణంలో ఎవరన్నా అంటే కసురుకునేవాణ్ణి. మిర్యాలగూడలో టేప్ రికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసే పని నాది. సెట్టులో ఎవరో మూలుగుతున్నారని హడలిపోయి వచ్చినవాళ్ళను ఎందరినో చూశాను. ఎర్త్ సరిగ్గా కలపగానే ఆ మూలుగు పోయేది. నా లెక్కలో దయ్యమంటే అంతే. అట్లాంటి నేను, తొంభైల మొదట్లో కోదాడలో మా అక్క ఇంట్లో జరిగినదానికి మాత్రం జవాబు చెప్పలేను.

మా బావ పెళ్ళిళ్ళకు మైక్ సెట్లు కిరాయికిచ్చేవాడు. పచ్చకామెర్లు ముదిరి సూర్యాపేట దవాఖానలో పోయాడు. వాళ్ళ పాపకు అప్పుడు నాలుగేళ్ళు. ఆయన చేత్తో చేసుకున్న సెట్టు ఒకటి ఇంట్లో మిగిలింది. బోర్డూ లేదు, పాడూ లేదు. చెక్కమీద పార్టులు బిగించి, మూరెడేసి వైర్లతో కలిపాడు. పనిమంతుడే గానీ ఓపిక తక్కువ. ఆ సెట్టు ఎప్పుడూ తుమ్మెదలాగా గుయ్‌మంటూనే ఉండేది. మేం హమ్మింగ్ అనేది దాన్నే.

మా పనిలో ఒక అలవాటుంది. క్యాసెట్ పెట్టకుండా వాల్యూం నిండా తిప్పి, స్పీకర్‌కు చెవి ఆనించి వింటాం. సెట్టు మంచిదా కాదా అనేది ఆ ఖాళీలోనే తెలుస్తుంది. బావ పోయాక అక్క రోజూ మధ్యాహ్నం అదే పని చేయసాగింది. అందులో ఆయన మాట్లాడుతున్నాడంది.

అక్క అత్తగారికి సాకు దొరికింది. కోడలికి పిచ్చి పట్టిందని, పాపను నడిగూడెంలో కూతురి దగ్గర పెంచుతానని పట్టుబట్టింది. పాపను తీసుకుపోతే మా అక్క బతకదు. నాకు ఒళ్ళు మండింది. ఆ సెట్టు నోరు మూయిస్తే గొడవ సద్దుమణుగుతుందని సామాను సర్దుకుని బస్సెక్కాను.

కోదాడ చేరగానే నేనూ స్పీకర్‌కు చెవి ఆనించి విన్నాను. ఆ గుయ్ మధ్యలో నిజంగానే మగ గొంతు ఉంది, మాట తెలియడం లేదు. పొడుగు వైర్లు ఏరియల్‌లా రేడియోను పట్టుకుంటాయని అత్తగారికి చెప్పాను. ఆమె మూతి తిప్పింది.

"అట్టయితే బాగుచేసి సూపియ్యి. మళ్ళీ కూసిందంటే పిల్లను తోలుకపోతా" అంది.

సర్క్యూటంతా కొత్త బోర్డు మీదికి మార్చాను. వైర్లు పొట్టిగా కోశాను. టేపు నుంచి వచ్చే తీగ తీసి, బయటి రొద పట్టని షీల్డు వైరు వేశాను. పాలపొడి డబ్బా రేకు కత్తిరించి, రేడియో లోపలికి దూరకుండా బోర్డు చుట్టూ గూడు కట్టి ఎర్త్ చేశాను. గొప్పలు చెప్పుకోను గానీ, అంత మంచి పని నేను మళ్ళీ చేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారి ముందే ఆన్ చేసి, వాల్యూం నిండా తిప్పాను. కిమ్మనలేదు. ముసలామె చెవి పెట్టి విని, వాకిట్లోకి పోయింది. హమ్మయ్య అనుకున్నాను. అక్క మాత్రం గోడకు ఆనుకుని ఏడ్చింది. మొగుణ్ణి రెండోసారి సాగనంపానని నా మీద కోపం.

అప్పుడు వినిపించింది. గుయ్ అడ్డం లేదు కాబట్టి ఈసారి మాట కూడా తెలిసింది. అచ్చం మా బావ గొంతు.

"బుజ్జీ, రా. జల్ది రా."

గడప దగ్గర ఆడుకుంటున్న పాప తలెత్తి, "వస్తున్న నాయినా" అంది. రోజూ ఉండే పిలుపే అన్నట్టు అంది. చెప్పులు వెతుక్కోసాగింది.

ప్లగ్గు పీకేశాను. కెపాసిటర్లలో కాస్త కరెంటు మిగిలినా అది క్షణంలో అయిపోవాలి. పిలుపు ఆగలేదు. పాప రెండో చెప్పు వేసుకుంటోంది.

అన్నాళ్ళూ ఆ సెట్టును అంటిపెట్టుకున్న మా అక్క లేచి రోకలి తెచ్చింది. బోర్డు, రేకు, స్పీకర్, ఏదీ మిగల్చలేదు. ముక్కలైన తర్వాతే ఆ గొంతు ఆగింది.

సాయంత్రం ఇద్దర్నీ తీసుకుని బయల్దేరాను. అత్తగారు అడ్డు రాలేదు. వాకిట్లో నిలబడి ఆమె కూడా కొడుకు గొంతు విన్నదని మొహం చూస్తేనే తెలిసింది.

రేకు గూటిలోకి, అందులోనూ కరెంటు లేని సెట్టులోకి ఆ పిలుపు ఎట్లా వచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు. అక్క నన్ను అడగనూ లేదు. బస్సు నేరేడుచర్ల దాటాక, ఒళ్ళో నిద్రపోయిన పాపను అదిమి పట్టుకుని ఒక్కటే మాట అంది.

"నన్ను పిలిస్తే పోయేదాన్నే తమ్మీ. పిల్లను పిలిసిండు."