ముడి చూడని చెయ్యి

నేను పీహెచ్‌డీ చేసింది పీకడంలో. వెటకారం కాదు, నిజంగా అదే పని. మన కణాల్లో పాడైన ప్రొటీన్‌కి యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్ చావుచీటీలా తగులుకుంటుంది. ఆ చీటీని ఊడబెరికి ప్రొటీన్‌ని బతికించే ఎంజైములు కొన్ని ఉన్నాయి. వాటి వెనకాల ఏడేళ్లు తిరిగాను. కళింగపట్నంలో మా మేనత్త మాత్రం సెలవులకి వెళ్లినప్పుడల్లా, ఇన్నేళ్లూ అక్కడ ఏటి పీకినావే అని అడిగేది. నా పరిశోధన మీద అంత సూటి ప్రశ్న వైవాలో కూడా ఎవరూ వెయ్యలేదు.

అత్తకీ అమ్మకీ మాటల్లేవు. కారణం ఇద్దరికీ గుర్తులేదు, పగ మాత్రం గుర్తుంది. అయినా ఒడ్డున చేపల దగ్గర పక్కపక్కనే కూర్చునేవారు. అమ్మ తన కవళ్లు, అంటే చిన్న చేపలు, ఎండబెట్టుకునేది అత్త ఇసకదిబ్బ మీదే. నాన్న బతికున్ననాటి ఏర్పాటు అది.

మొన్న దసరా సెలవుల్లో ఒక పొద్దున, అమ్మ ఐసు కోసం వెళ్తూ నన్ను గంపల దగ్గర కూర్చోబెట్టింది. పక్కనే అత్త కానాగంత చేపల కుప్ప ఉంది, అత్త లేదు. కుప్ప మీద తాటాకు ముక్క ఉంది. మా ఒడ్డున తాటాకు పెట్టారంటే ఆ చేప నలిగిపోయింది, ఎండబెట్టడానికే అని అర్థం. పాటగాడు దాన్ని వేలంలో పెట్టడు. నేను ఊరుకోకుండా మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉంది. కళ్లు మెరుస్తున్నాయి. మంచి చేపకి ఎవరో పొరపాటున చావుచీటీ అంటించారు. ఇలాంటిదాని కోసమే కదా నేను చదివింది! పైగా అత్తకి ఒక మేలు చేస్తే ఇంట్లో కాస్త చల్లబడుతుందేమోనన్న ఆశ కూడా. ఆకు పీకి ఇసకలో పడేశాను. పాటగాడు వచ్చాడు, ఆకు లేదు కనక పాట పెట్టాడు, కుప్ప వ్యాన్ ఎక్కి వెళ్లిపోయింది.

అప్పుడొచ్చింది అత్త, వెనక గిన్నె పట్టుకుని కొత్త వియ్యపురాలు.

ఆ ఆకుకి ముడి ఉందట. ముడేసిన ఆకు ఎండుకి కాదు, మాటిచ్చిన చేపకి. వియ్యాలవారి తొలి విందుకి అత్త మాటిచ్చిన చేప అది. ఈ సంగతి చిన్నప్పుడు నాకూ తెలుసు. యుబిక్విటిన్ కూడా అంతే: ఒక రకంగా గొలుసు కడితే ప్రొటీన్‌కి చావు, ఇంకో రకంగా కడితే వేరే పని మీద పంపడం. నేను చదివిన ఎంజైము ఏ గొలుసో చూడందే కత్తి పెట్టదు. దాని మీద ఒక అధ్యాయం రాసింది నేనే.

వియ్యపురాలు ఖాళీ గిన్నెతో నిలబడి ఉంటే, అత్త నన్ను అడగలేదు. అప్పుడే ఐసుతో తిరిగొచ్చిన అమ్మవైపు నేరుగా తిరిగి, "నీ కవళ్లు నా దిబ్బెక్కితే సముద్రంలో ఇసిరేస్తాను" అంది. ఏళ్ల తరవాత అమ్మతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది.

అమ్మ ఒకసారి నా వంక చూసింది. అర్థమైపోయింది ఆవిడకి. నా పేరెత్తకుండా మూడు గంపల కవళ్ల మీద తడి గోనె కప్పింది. ఎండ ఎక్కుతోంది. మధ్యాహ్నంలోగా పరవకపోతే అవి కుళ్లిపోతాయి. నా బదులు అమ్మే చెప్పేస్తుందేమోనని గంటసేపు నోరుమూసుకు కూర్చున్న ఘనత నాది. వాసన మారాక లేచాను.

దిబ్బ మీద అత్త చేపలు తిరగేస్తోంది.

"ఆకు పీకింది నానే, అత్తా. అమ్మకి తెల్దు."

"ముడి సూళ్లేదా?"

మొప్పలు ఎర్రగా ఉన్నాయని ఏదో మొదలుపెట్టాను.

"మొప్ప సూసినావు, కన్ను సూసినావు, ముడి సూళ్లేదు. మీయమ్మ కావాలని సేయించిందనుకున్నాను. నువ్వు కావాలని సెయ్యడానికి కూడా పనికిరావు." చేపలు తిరగేస్తూనే ఉంది. "కవళ్లు తెచ్చి పరవమను. కంపు కొడితే ఊరు నన్నే అంటాది. నువ్వు మాత్రం నా కుప్పల దరికి రాకు."

అమ్మా నేనూ గంపలు మోశాం. అత్త మాకు వీపు తిప్పి కూర్చుంది. చివరి గంప కుమ్మరించేసరికి, ఆవిడ చేపలకీ మా చేపలకీ మధ్య ఇసకలో తాటాకు ఒకటి గుచ్చి ఉంది. ఈసారి చూశాను. రెండు ముడులు.

దానర్థమేమిటని అమ్మనడిగాను.

"నాకూ తెల్దు," అంది అమ్మ. "నీకోసం కొత్తగా పెట్టినట్టున్నాది. ముట్టకు."