శౌరమ్మ దోసిలి

నాగాయలంక దిగువన, కాలువ నీటిని రుచి చూడనిదే శౌరమ్మ పొలానికి తూము తలుపు ఎత్తదు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకొని, గట్టున గొంతుకూర్చుండి, కుడిచేత పుడిసెడు నీళ్లు నోట పోసుకొని, కన్నులు మూసుకొని చప్పరిస్తుంది. ఆనాడు మాత్రం నోట పడీపడగానే ఉప్పు తగిలి ఉమ్మివేసింది. వెనుక నారుమడి నీరందక పసుపుబారుతున్నది.

విజయవాడలో చదివే కూతురు వినీల గట్టున పక్కనే నిలబడి మెల్లగా అన్నది: "ధ్రువాల మంచులో చిక్కుకున్న పాతగాలిని చూసి చెబుతున్నారమ్మా, భూమిని వేడెక్కించే బొగ్గుపులుసు వాయువు ఎనిమిది లక్షల ఏళ్లలో ఇంతగా ఎప్పుడూ లేదంట. ఆ మంచు కరిగి, సముద్రం పొంగి మన కాలవలోకి ఎగదన్నుతోంది."

"ఆ మంచూ ఉప్పేనంటావా?"

"కాదమ్మా, మంచినీళ్లే."

"మరింకేం! అక్కడెవరన్నా తూము మూస్తే పోయేదిగా?"

వినీల తమ తూము తలుపు వైపు చూసింది. తెరిస్తే ఉప్పు, మూస్తే ఎండ. రెండింటా నారు దక్కదు. శౌరమ్మ మరల వంగి, తప్పు చేతిదే అయినట్లు, ఈమారు ఎడమచేత నీరు ముంచి నాలుకకు తాకించుకొన్నది.