మిరుగం నాటికి సూర

కాశిబుగ్గలో మొగిలమ్మ చేపలు కోస్తుంటే నోరూ ఆగదు, కత్తిపీటా ఆగదు. సంచీ పట్టుకుని నా వంతు కోసం నిలబడడం నాకెప్పుడూ విసుగనిపించలేదు. సగం ఆ మాటల కోసమే వెళ్లేవాణ్ని.

మృగశిర కార్తె మొదలయ్యే రోజును మేం మిరుగం అంటాం. ఆ రోజు ఇంటింటా చేప వండాల్సిందే. మా వీధిలో ఇంకో అలవాటు కూడా ఉంది. మిరుగం నాడు ఎవరి దగ్గర కొంటే, ఏడాదంతా వాళ్ల దగ్గరే కొంటాం. కాబట్టి మొగిలమ్మకు అది పండగా, పరీక్షా. పైగా ఈసారి ఎదురుగా గాజు తలుపుల చేపల దుకాణం ఒకటి వెలిసింది.

శివరాత్రి వెళ్లాక, విశాఖ నుంచి ఐసు పెట్టెలు తెచ్చే ఓంప్రకాశ్ ఆమె ముందు కొత్త చేపను దించాడు.

"సూర అక్కా, ఇంగ్లీషుల ట్యూనా అంటరు. సముద్రంల మస్తు పడ్తాంది. ఏటేటా చాప పెరుగుతాంది, రేటు దిగుతాంది. పడవలోళ్లకు కష్టమెక్కువ, పైస తక్కువ. గందుకే మనదాంక వచ్చింది."

"మరి నీ ఫోన్ల సూపెట్టినవ్ సూడు, కత్తి మూతిది?"

"కొమ్ముకోనమా? అది తక్కువ పడ్తాంది. పడ్డా పెద్ద పట్నాలోళ్లే ఎగరేసుకపోతరు."

సూరను కోస్తే లోపల ముదురు ఎరుపు. మగ్గం ఇంటి భద్రమ్మ, మొగిలమ్మకు పాత గిరాకీ, ఒకడుగు వెనక్కి వేసింది.

"ఏందే మొగిలీ, మ్యాకను కోస్తానవా?"

"మ్యాకనుకునే వండు అక్కా. పులుసు పెట్టకు. అల్లం ఎల్లిగడ్డ దట్టించి ఏపుడు చెయ్. మంచిగ లేకుంటే గిన్నె తెచ్చి నా నెత్తిన బోర్లియ్."

మర్నాడు భద్రమ్మ గిన్నె లేకుండానే వచ్చింది. పళ్లు కదిలి మటన్ మానేసిన ఆమె భర్త, ముక్క మెత్తగా ఉందని అడుగంటా ఊడ్చాడట. నెల తిరిగేసరికి వీధిలో సగం ఇళ్లలో అదే వేపుడు. మొగిలమ్మ ఆ ఊపులో అందరికీ మాటిచ్చేసింది, మిరుగానికి సూరే అని. భద్రమ్మ వియ్యపురాలిని కూడా పిలుచుకుంది.

ఏప్రిల్ మధ్యలో ఓంప్రకాశ్ పెట్టె సూర లేకుండా వచ్చింది.

"సముద్రం బంద్ అక్కా. చాపలు గుడ్లు పెట్టే కాలమని మోటరు పడవలను ఆపుతరు. మిరుగం పోయినంకనే ఇడుస్తరు."

"చెరువు ఎండుడు ఎర్కే గని, సముద్రాన్ని బంద్ పెట్టుడేంది తమ్మీ? ముందుగాల చెప్పొద్దా?"

"ఏటా ఉండేదే. నువ్వడగలే. కోల్డ్ స్టోరేజీల పాత సరుకున్నది, తెమ్మంటవా?"

"నా చేతిల పాత చాప ఎన్నడన్న సూసినవా?"

ఆ సంగతి గిరాకీలకు చెప్పాలనుకుంటూనే రోజులు నెట్టింది. గాజు తలుపుల మీద మాత్రం 'మిరుగానికి సూర' అని కాగితం అంటించారు.

మిరుగం పొద్దున మొగిలమ్మ ముందు నీళ్ల తొట్టిలో బతికున్న చెరువు చేపలు, రవ్వలు, బొచ్చెలు కొట్టుకుంటున్నాయి. ఆమె నోరు మాత్రం మొదటిసారి మూతబడింది. భద్రమ్మ బేసిన్ పట్టుకుని వచ్చి తొట్టిలోకి చూసింది.

"సూరేదే?"

"పురిటికి పోయింది అక్కా. సముద్రంల గుడ్లు పెడ్తాంది. మాటిచ్చేటప్పుడు నాకు తెల్వదు."

"గా దుక్నంల ఉన్నదంట గద?"

"ఉన్నది. బంద్‌కు ముందటిది, ఐసుల పడి ముసలిదైంది. కావాల్నంటే పో, నేనేమనుకోను."

భద్రమ్మ ఆ గాజు తలుపుల వైపు చూసింది. ఇంతలో ఒక రవ్వ తోకతో కొట్టి ఆమె చీర కుచ్చిళ్లు తడిపింది.

"మరి నా వియ్యపురాలికి ఏం చెప్పాలె?"

"పురిటి కబురు చెప్పు."

భద్రమ్మ నవ్వలేదు. బేసిన్ ముందుకు తోసింది.

"రెండు రవ్వలు కొయ్. సారె మాత్రం నువ్వే పెట్టుకో."

ఆమె వెనకే వరస కట్టిన మేమంతా రవ్వలే తీసుకున్నాం. మొగిలమ్మ నోరు మళ్లీ మొదలైంది.

బంద్ ఎత్తేశాక వచ్చిన మొదటి పెట్టె ఇంకా విప్పకముందే, వీధి మొదట్లోంచే భద్రమ్మ గొంతు వినబడింది.

"పురుడైందానే?"

"అయింది అక్కా," అంది మొగిలమ్మ కత్తిపీట ముందుకు లాక్కుంటూ. "పిల్లలను సముద్రంలనే ఇడిసిపెట్టి వచ్చింది. మల్లా మిరుగానికి మాత్రం నన్ను సూర అడగకు."