ఎవరి అబ్బాయి?

1997 జనవరిలో నేను విశాఖ రేవులో ఒక షిప్పింగ్ ఏజెన్సీ తరఫున బోర్డింగ్ ఆఫీసరుని. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుండే కొలువు అది. ఓడ రాగానే మెట్లెక్కి కాగితాలు అందుకోవాలి, కస్టమ్స్ వారినీ ఇమిగ్రేషన్ వారినీ కూర్చోబెట్టి పని జరిపించాలి, కూరగాయల నుంచి డాక్టరు దాకా కెప్టెన్ ఏది అడిగినా సమకూర్చాలి.

ఆ నెలలో వచ్చిన ఒక ప్రయాణికుల ఓడలో వాల్టర్ అనే అమెరికన్ పియానో వాయించేవాడు. సిబ్బంది జాబితాలో అతని హోదా ‘మ్యుజీషియన్’. బార్ వాళ్ళకు కింద, లాండ్రీ వాళ్ళకు పైన. రేవు బయట లంగరు వేసి ఉండగా అలల ఊపుకి ఇనుప తలుపు అతని కుడిచేతి మీద మూసుకుంది. వేళ్ళను కదిలించే నరాలు తెగాయి. కెప్టెన్ అతన్ని ‘సైన్ ఆఫ్’ చేశాడు, అంటే కొలువు నుంచి పేరు తీసేశాడు. ఆ సాయంత్రమే ఓడ వెళ్ళిపోయింది. అలా దిగిపోయిన మనిషి విమానం ఎక్కేదాకా పూచీ ఏజెంటుది, అంటే నాది.

మద్దిలపాలెం దగ్గర ఒక ఆస్పత్రిలో చేర్చాను. రెండు రోజుల్లోగా ఆపరేషన్ చెయ్యకపోతే వేళ్ళు బిగుసుకుపోతాయని సర్జన్ చెప్పారు. వాల్టర్ ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పడు. యాభైకి దగ్గరపడ్డ ఆ నల్లటి పొడుగాటి మనిషి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అంత ఒంటరి మనిషిని నేను ఓడల మీద కూడా చూడలేదు.

మర్నాడు పాలు తెచ్చిన ఆయా సింహాచలం కాసేపు అతన్నే చూసి, “ఈ బాబు ఎవులబ్బాయండి? అయ్య ఏటి సేత్తాడు? అడగండి బాబూ,” అంది. మనవాళ్ళకి మనిషి కనబడగానే ముందు కావలసింది అదే కదా. నేను మక్కికి మక్కి ఇంగ్లీషులో పెట్టాను: నువ్వు ఎవరి ‘బాయ్’వి?

అతను లేచి కూర్చున్నాడు. ముఖం గట్టిపడింది. తన దేశంలో తెల్లవాళ్ళు నల్లవాళ్ళని, జుట్టు నెరిసినా సరే, తీసిపారెయ్యడానికి వాడే మాటట అది. ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసిన వాళ్ళ నాన్నని ఫోర్‌మన్ చివరిదాకా అలాగే పిలిచాడట.

“కోపమొచ్చిందేటి? నానేటి తప్పన్నాను?” అని సింహాచలం కంగారుపడింది.

ఇక్కడ అది ఇంటివాళ్ళ గురించి అడగడమేననీ, నలభై ఏళ్ళొచ్చినా నన్నూ ఫలానావారి అబ్బాయి అనే అంటారనీ అతనికి చెప్పాను. వాల్టర్ మొదటిసారి నవ్వాడు. తర్వాత తనే మొదలుపెట్టాడు. తండ్రి ఆదివారాలు చర్చిలో పియానో వాయించేవాడు, కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. ఒకరోజు యంత్రంలో తండ్రి చెయ్యి పడింది. ఆపరేషన్ చేశారు, కుదరలేదు. ఆ ఇంట్లో పియానో మూత మళ్ళీ తెరుచుకోలేదు. అదీ ఇతని భయం. తల్లి పోయాక తండ్రీ కొడుకుల మధ్య మాటలు కూడా లేవు.

“నాన్నగారు ఉన్నారా?” అని అడిగాను. ఉన్నారన్నాడు.

అక్కడ తెల్లవారే వేళ చూసి, సాయంత్రం ఆస్పత్రి ఎదుటి ఎస్టీడీ బూత్‌లో ఆయనకి ఫోను కలిపించి నేను అద్దం బయట నిలబడ్డాను. చాలాసేపు వింటూనే ఉన్నాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని చెప్పాడు. అసలు ఆపరేషనే జరగలేదట. కర్మాగారం డాక్టరు పైచర్మం కుట్టి పంపేశాడు. సర్జన్ ఉన్న ఆస్పత్రి ఆ రోజుల్లో నల్లవాళ్ళని చేర్చుకునేది కాదు. చిన్నపిల్లాడికి ‘మనకి చెయ్యరు’ అని చెప్పడం కన్నా ‘చేశారు, కుదరలేదు’ అనడమే ఆ తండ్రికి తేలికైంది.

వాల్టర్ ఆ సాయంత్రమే ఆపరేషన్‌కి ఒప్పుకుంటూ ఎడమచేత్తో సంతకం పెట్టాడు. ఆపరేషన్ అయింది. కుట్లు విప్పాక విమానం ఎక్కించాను. మళ్ళీ వాయించాడో లేదో తెలియదు. మనిషి విమానం ఎక్కితే ఏజెంటు ఫైలు మూసెయ్యాలి. ఆ ఉద్యోగంలో నాకెప్పుడూ నచ్చని భాగం అదే.

ఆ తర్వాత పనిచేసినన్నాళ్ళూ, ఓడ దిగిన ప్రతి రోగినీ ముందు తండ్రి గురించి అడిగాను. ‘బాయ్’ అన్న మాట మాత్రం నోట రానివ్వలేదు.