నా కాలు తీసిన డాక్టరమ్మ

గత వారం మా అమ్మాయి హర్షిత బడిలో బాస్కెట్‌బాల్ ఆడుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో యువ డాక్టరొకాయన ఎక్స్‌రే చూసి, వాపు తగ్గేదాకా ఉండాలని ప్లాస్టర్ పట్టీని నీళ్ళలో ముంచి చేతికి చుట్టసాగాడు. తడిసిన ప్లాస్టర్ వాసన గది నిండా పరుచుకుంది. కొత్తగా సున్నం వేసిన గోడమీద వాన కురిస్తే వచ్చే వాసన అది. దానితోపాటు చేతికి తగిలే ఆ వెచ్చదనం కూడా నాకు తెలుసు. నా కళ్ళు చెమర్చడం హర్షిత చూసింది. "నాన్నా, వై ఆర్ యూ క్రయింగ్? విరిగింది నా చెయ్యి లా!" అని, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' చేర్చి నవ్వింది. దానికేమని చెప్పను? అది ఇంకా వాళ్ళమ్మ కడుపులో ఉండగా నేను ఇలాంటి వాసన మధ్యే ఒక వార్డులో పడుకుని ఉన్నానని, అప్పుడు నా మంచం పక్కన కూర్చున్న ఒక మనిషి వల్లే ఇవాళ దాని పక్కన నిలబడగలుగుతున్నానని చెప్పాలి. ఆమె పేరు డాక్టర్ వేదవతి. ఎముకల సర్జన్. నా కుడికాలు తీసేసింది ఆమే.

నేను అప్పట్లో తువాస్‌లోని ఒక షిప్‌యార్డులో పైపుల పనికి సూపర్‌వైజర్ని. పాలకొండ దగ్గర పుట్టి, డిప్లొమా చదివి, పెళ్ళయ్యాక లలితను తీసుకుని సముద్రం దాటి ఈ చిన్న ద్వీప దేశానికి వచ్చాను. యీషున్‌లో ఒక ఫ్లాటులో గది అద్దెకు తీసుకున్నాం. ఒక ఉదయం ఓడ అడుగు అంతస్తులో పైకెత్తుతున్న పైపు గొలుసులోంచి జారి నా కుడికాలి మీద, మోకాలి దిగువన పడింది. ఆ చప్పుడు గుర్తుంది. నొప్పి గుర్తులేదు. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాను. పిడికిలంత మొహం, నెరిసిన జడ, మగవాళ్ళ గడియారం పెట్టుకున్న ఒక పొట్టి ఆడమనిషి నా పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని వేలు వేలునూ నొక్కి చూస్తోంది.

"తెలుగోడివా? ఏ ఊరు?" అని అడిగింది. ఆ తెలుగు వింతగా ఉంది. పాతకాలపు మాటలు, మధ్యలో తమిళం, మలయ్ భాష. వాళ్ళ ముత్తాత మన విశాఖ వైపు నుంచే మలయా రబ్బరు తోటలకు వెళ్ళినవాడట. ఆమెకు తెలుగు నేర్పింది నాయనమ్మ. నాలుగు తరాలు సముద్రం ఇవతల బతికిన తెలుగు అది. నాకు మాత్రం ఆ రోజు సొంత అక్క వచ్చి పలకరించినట్టుంది.

ఆమె నా కాలు నిలబెట్టడానికి చాలా ప్రయత్నించింది. ఈ మాట ముందే చెప్పాలి. ఒకదాని తర్వాత ఒకటిగా ఆపరేషన్లు చేసింది. విరిగిన ఎముకలను బయటి నుంచి ఇనుప చట్రంతో బిగించింది. పొట్టి మనిషి కావడంతో ఆపరేషన్ బల్ల దగ్గర పీట వేసుకుని నిలబడేదని నర్సులు చెప్పేవారు. ఎముకల పని మగవాళ్ళ పని, వడ్రంగి పనంత బలం కావాలని ఆమె చదువుకునే రోజుల్లో అందరూ అన్నారట. ఆ విభాగంలో చాలాకాలం ఆమె ఒక్కతే ఆడమనిషి. "బలం కాదు సూరీ, ఎక్కడ పట్టుకోవాలో తెలియాలి, అంతే" అనేది నాతో. అయితే పాదానికి స్పర్శ తిరిగి రాలేదు. గాయంలో చీము చేరింది. జ్వరం తగ్గేది, మళ్ళీ వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆమె ఒంటరిగా వచ్చింది. మామూలుగా వెంట ఉండే జూనియర్లు లేరు. కుర్చీ లాక్కుని నా మంచానికి దగ్గరగా కూర్చుంది. లలితను కూడా కూర్చోమంది.

"సూరీ, చుట్టూ తిప్పి చెప్పను. ఈ కాలు తీసెయ్యాలి. మోకాలి కింద. మోకాలు నీకు ఉంచగలను. ఇంకా ఆలస్యం చేస్తే అదీ పోవచ్చు, నువ్వూ పోవచ్చు."

నేను గోడవైపు తిరిగాను. లలిత మాత్రం లేచి నిలబడింది. "డాక్టరమ్మ గోరూ, మీరే కదమ్మా బాగుచేస్తానన్నారు! ఇప్పుడేటి ఇలగంటారు? నాకు నెల తప్పిందని ఇంకా మావాళ్ళకే చెప్పనేదు!"

డాక్టరమ్మ లలిత వైపు తిరిగింది. "చేస్తాననుకున్నాను అమ్మా. నా చేత కాలేదు" అంది.

అంత పేరున్న సర్జన్ నోట ఆ మాట వినడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. తనకు చేతకాలేదని ఒప్పుకోవడానికి ఆమె ఏ సాకూ వెతకలేదు. ఇంకో డాక్టరును అడుగుతానని అన్నాను. మరో ఆసుపత్రి నుంచి ఒక పెద్ద సర్జన్‌ను తానే పిలిపించింది. ఆయన చూసి అదే మాట చెప్పాడు. ఆయన వెళ్ళాక ఆమె మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. "ఈ కాలు ఉంచుకుంటే బతుకంతా దాన్ని నువ్వు మొయ్యాలి. తీసేస్తే ఇంకో కాలు నిన్ను మోస్తుంది. నీ బిడ్డను ఎత్తుకుని నడుస్తావు. ఎప్పటికి అని అడగకు, అది నాకు తెలియదు. నడుస్తావని మాత్రం తెలుసు." నేను సంతకం పెట్టాను.

ఆపరేషన్ రోజు పొద్దున కాలిమీద గుర్తు పెట్టడానికి వచ్చింది. పెన్ను తీసి, గీత గియ్యకుండా ఆగి, "ఈ కాలుతో చేసిన వాటిలో నీకు బాగా ఇష్టమైంది ఏంటి?" అని అడిగింది. నాగావళి ఇసుకలో కబడ్డీ ఆడేవాళ్ళమని, కూతకు వెళ్ళి ఈ కాలితోనే ఎదుటివాణ్ణి తాకి గీతకు దూకేవాణ్ణని చెప్పాను. ఎవరెవరు ఆడేవారో, ఎవరు తొండి చేసేవారో అన్నీ అడిగి తెలుసుకుంది. స్పర్శ లేని ఆ పాదం మీద ఆమె చెయ్యి అంతసేపూ అలాగే ఉంది. తర్వాత గీత గీసింది. నాకు ఏడుపు వచ్చింది గానీ భయం తగ్గింది. ఆ కాలికి మేమిద్దరం కలిసి వీడ్కోలు చెప్పినట్టు అనిపించింది.

గాయం మానాక, మొండిని ఇమిడించుకునే సాకెట్‌తో కృత్రిమ కాలు వచ్చింది. కొత్త కాలితో నిలబడటం నేర్చుకునే రోజుల్లో, లేని పాదం దురద పెట్టేది. గోక్కోవడానికి వంగి, అక్కడ ఏమీ లేదని తెలిసి కుంగిపోయేవాణ్ణి. డాక్టరమ్మ రెండు ఆపరేషన్ల మధ్య దొరికిన ఖాళీలో, అరటిపండు తింటూ ఫిజియోథెరపీ హాలుకు వచ్చేది. "పెలాన్ పెలాన్" అనేది. మలయ్‌లో మెల్లమెల్లగా అని. నేను కింద చూసి నడిస్తే మాత్రం కేకలే. "నేలను చూసి ఏం లాభం? అది ఎక్కడికీ పోదు. ముందుకు చూడు!"

ఒక ఆదివారం నన్నూ లలితనూ బిషాన్‌లో తన ఇంటి దగ్గర, తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కు భోజనానికి పిలిచింది. వెళ్ళేసరికి ఇక్కడి అలవాటు ప్రకారం టిష్యూ పొట్లం పెట్టి టేబుల్ చోప్ చేసి, అంటే మాకోసం ఆపి, కూర్చుని ఉంది. "మకాన్ తర్వాత తిందాం, ముందు కాఫీ. పో, ముగ్గురికీ తీసుకురా" అంది నాతో. లలిత లేవబోతే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆదివారపు జనం, తడి నేల, చేతిలో ట్రే. సగం కాఫీ ట్రేలోకి ఒలికింది. పక్క టేబుల్లో ఒక చైనీస్ అంకుల్ సాయానికి లేచాడు. "అంకుల్, లెట్ హిమ్ లా" అంది డాక్టరమ్మ, గట్టిగా. ఆయన నొచ్చుకుని కూర్చున్నాడు. నేను మెల్లగా వచ్చి ట్రే పెట్టాను. మిగిలిన కాఫీ ఒక గుక్క తాగి, "చక్కెర ఎక్కువైంది. తియ్యగా వద్దని చెప్పాల్సింది" అంది. మెచ్చుకుంటుందని ఎదురుచూసిన నాకు ముందు కోపం వచ్చింది. మరుక్షణం నవ్వు వచ్చింది. ప్రమాదం జరిగాక లలిత నేను నవ్వడం చూసింది అప్పుడే. అంకుల్ కూడా నవ్వాడు.

ఆ రోజే ఆమె తన సంగతి చెప్పింది. నాయనమ్మ వంటింట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుందట. ముసలి ఎముక అతకదు, మత్తుకే తట్టుకోదు, ఇంట్లోనే ఉంచండని అన్నారట. "నెలల తరబడి మంచంలో పడుంది. పక్కకు తిప్పితే అరిచేది. ఆ అరుపులు వింటూ పరీక్షలకు చదువుకున్నాను. అది అతకదని అందరూ అన్నారు గానీ, ఎందుకు అతకదో ఎవరూ చెప్పలేదు. అది తెలుసుకుందామని ఇటు వచ్చాను." పెళ్ళి చేసుకోలేదు. దానికి కారణం అడిగితే, "ఎవరడిగారు? నేను ఎప్పుడూ ఆపరేషన్ గదిలోనే ఉండేదాన్ని" అని నవ్వేసింది. తొంభై దాటిన ముసలమ్మలకు కూడా తుంటి ఆపరేషన్లు చేసి, మర్నాడే లేపి నిలబెట్టేది. వార్డులోని చైనీస్ అవ్వలు ఆమెను చూస్తే చిన్నపిల్లల్లా దుప్పటి కప్పుకునేవారు, నడిపిస్తుందని.

హర్షిత పుట్టింది. షిప్‌యార్డువాళ్ళు నన్ను డిజైన్ ఆఫీసుకు మార్చారు. పిల్లను భుజాన వేసుకుని ఫ్లాట్ కింద నడిచిన మొదటి సాయంత్రం వీడియో తీసి డాక్టరమ్మకు పంపాను. "బిడ్డ తల సరిగ్గా పట్టుకో" అని జవాబొచ్చింది.

కొన్నేళ్ళ తర్వాత ఒకసారి పరీక్షకు వెళితే, ఆపరేషన్లు మానేశానని చెప్పింది. నేను నమ్మలేదు. ఆమె కుడిచెయ్యి చాచి చూపించింది. చూపుడువేలు సన్నగా వణుకుతోంది. నరాల జబ్బు. అప్పటికి ఎవరూ గమనించలేదట. ఒక పేషెంటుకు స్క్రూ బిగించబోతుంటే తన వేలు తనకే కనిపించిందట. వెంటనే పీట దిగి, పక్కనున్న డాక్టర్‌కు పరికరం ఇచ్చేసి, మళ్ళీ ఎక్కలేదు.

"మందులున్నాయి కదా మేడమ్, ఇంకొన్నాళ్ళు చూడకపోయారా?" అన్నాను.

"నీకు కాలు తియ్యాలని చెప్పిన నోరు ఇది సూరీ. నా దగ్గరకొచ్చేసరికి వేరే మాట చెబితే ఎలా?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఈసారి కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నది నేను.

ఆ తర్వాత జూనియర్లకు చదువు చెబుతూ, కాలు తియ్యాల్సిన పేషెంట్ల దగ్గర గంటలకొద్దీ కూర్చునేది. ఒకరోజు నన్ను పిలిచింది. జగిత్యాల వైపు నుంచి కట్టుబడి పనికి వచ్చిన మల్లేశం అనే అతను ఎవరితోనూ మాట్లాడటం లేదని, వచ్చి కూర్చోమని. "ధైర్యం చెప్పకు. అడిగినదానికి నిజం చెప్పు. అడగకపోతే ఊరుకో" అంది. నేను చాలాసేపు ఊరుకున్నాను. చివరికి మల్లేశం నా కాలు చూసి, "అన్నా, దీనితోని బురదల దిగొచ్చా? నాట్లేస్తమే మేం" అన్నాడు. దిగొచ్చని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. "కష్టం తమ్ముడూ. కూరుకుపోతుంది. నేను దిగలేను" అన్నాను. అతను భోరుమన్నాడు. కళ్ళు తుడుచుకున్నాక, "ఇన్ని దినాలకు ఒక్కడు నిజం జెప్పిండు. గట్లయితే ఇంకేం జేయొచ్చో జెప్పు" అన్నాడు. ఇప్పుడు ఊళ్ళో చిన్న మెకానిక్ షాపు పెట్టుకున్నాడు. పండక్కి పండక్కి వాయిస్ మెసేజ్ పెడతాడు. అప్పటి నుంచి శనివారాలు ఆ వార్డుకు వెళుతూనే ఉన్నాను.

డాక్టరమ్మను ఆఖరుసారి చూసింది బిషాన్‌లో ఆమె ఇంట్లోనే. జబ్బు ముదిరి మంచంలో ఉంది. మాట తడబడుతోంది. హర్షిత చదువు గురించి అడిగింది. లలిత చేసిన పులిహోర రెండు మెతుకులు నోట్లో పెట్టుకుంది. ఆమె అలసిపోతోందని నేను లేచాను. గుమ్మం దాకా వెళ్ళేసరికి వెనకనుంచి "సూరీ, ఆగు" అన్న మాట వినిపించింది. ఏదో పెద్ద మాట చెబుతుందనుకుని తిరిగాను.

"కుడివైపు ఒరుగుతున్నావు. సాకెట్ వదులైంది. రేపే చూపించుకో."

అవే ఆమె నాతో అన్న చివరి మాటలు. మర్నాడు వెళ్ళి చూపించుకుంటే, సాకెట్ నిజంగానే వదులైంది. ఆ నెలలోనే ఆమె పోయింది.

తన చేతులు స్వాధీనంలో లేని స్థితిలో కూడా ఆమె నా నడక చూసింది. ఒక మనిషిని అలా చూడటమే ఆమె నుంచి నాకు మిగిలిన ఆస్తి. మొన్న యీషున్ స్టేషన్లో రైలు దిగాక, పొడుగు ప్యాంటు వేసుకున్న ఒక మలయ్ పెద్దాయన నా ముందు నడుస్తున్నాడు. అందరికీ మామూలు నడకే. నాకు మాత్రం ఎడమ అడుగు దగ్గర ఆగే ఆ చిన్న తడబాటు కనిపించింది. పక్కకు వెళ్ళి మెల్లగా, "అంకుల్, సాకెట్ నొక్కుతోందా?" అని అడిగాను. ఆయన ఉలిక్కిపడి చూశాడు. నేను ప్యాంటు అంచు కాస్త పైకెత్తి నా కాలు చూపించాను. ఆయన మొహం విప్పారింది. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. రెండు రైళ్ళు వచ్చి వెళ్ళిపోయాయి.