జ్వరం రాని బుధవారం

పోయిన ఆదివారం ఊరిగాం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. మా పెదనాయన మీద చిన్న పుస్తకం వేస్తున్నారట, తేదీలు సరిచూడమన్నారు. బంగారు గనిలో దిగిన ఏడు, కార్మిక సంఘానికి పెద్ద అయిన ఏడు, శాసనసభకు గెలిచిన ఏడు అన్నీ సరిగానే ఉన్నాయి. నాలుగో పేజీలో ఒక వాక్యం మాత్రం కొట్టేశాను: 'ఇళ్ల చర్చ నాడు తీవ్రమైన జ్వరం వల్ల సభకు వెళ్లలేకపోయారు.' వాళ్లు బిత్తరపోయారు. "ఆయన డైరీలోనే ఉండాది కదమ్మా, నూటరెండు అని?" అన్నాడొకాయన. ఉంది. రాసింది నేనే. తప్పని తెలిసీ నేను రాసిన అంకె జన్మలో అదొక్కటే.

పెదనాయన బైరకూరు నుంచి వచ్చి పద్నాలుగేళ్లు గనిలో రాయి కొట్టినవాడు. గెలిచాక కూడా శనివారం శనివారం బెంగళూరు నుంచి వచ్చి వసారాలో కూర్చునేవాడు. అర్జీ ఉన్నవాళ్లు అర్జీతో, లేనివాళ్లు కాఫీ కోసం వచ్చేవారు. "ఓటు ఒక్కటే వేసినారు, కాఫీ మాత్రం ఐదేండ్లూ తాగతారు" అని పెద్దమ్మ లోపల గొణిగేది. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. అర్జీలు, ఉత్తరాలు, ఆయన డైరీ రాసే పని నాది. ఆ అర్జీల్లో సగం ఇళ్ల గురించే. గని కార్మికుల వరుస ఇళ్లను లైన్లు అనేవాళ్లం. వయసై పని ముగిసిన మనిషి లైను ఇల్లు అప్పగించి పోవాలి. పెదనాయన గ్యాంగులోనే పనిచేసిన, నేను మామా అని పిలిచే మేస్త్రికి పని ముగియడానికి ఐదు నెలలే ఉంది. ఉన్నవాళ్లకే ఇంటి హక్కుపత్రం ఇవ్వాలని బుధవారం సభలో లేచి అడుగుతానని పెదనాయన ఆయన చెయ్యి పట్టుకుని చెప్పాడు.

మంగళవారం సాయంత్రమే పెదనాయన ఇంటికి వచ్చేశాడు. నోరెత్తకుంటే ఒక ప్రభుత్వ మండలికి అధ్యక్షుణ్ణి చేస్తామని, ఎత్తితే మళ్లీ టికెట్టు ఉండదని పార్టీ పైవాళ్లు చెప్పారట. పెద్దమ్మతో అంటుంటే గోడ ఇవతల నాకు వినిపించింది. తెల్లవారి నన్ను పిలిచి జ్వరమన్నాడు. థర్మామీటరు పెట్టాను. తొంభై ఎనిమిదిన్నర. "నూటరెండని రాయి పాపా" అన్నాడు, నా ముఖం చూడకుండా.

గ్యాంగులో ఒకడు మంచం పడితే మిగతావాళ్లు అతని పని పంచుకునేవారు, ఆడవాళ్లు ఇంటికొక చెంబు రాగి గంజి పంపేవారు. పెదనాయన గని వదిలినా ఆ ఆనవాయితీ ఆయన్ను వదల్లేదు. మధ్యాహ్నానికి పదకొండు చెంబులు చేరాయి. మే నెల ఎండ, రేకుల కప్పు, మీద కంబళి. వచ్చినవాళ్ల ఎదుట ఆ గంజి తాగుతూ ఆయన చెమటతో తడిసిపోతుంటే, "జ్వరం దిగతా ఉండాది, దేవుడు చల్లంగా చూసినాడు" అని వాళ్లు సంబరపడ్డారు. మొదట నాకు నవ్వొచ్చింది. తర్వాత షిఫ్టు ముగించి పైకి వచ్చిన మామ, ఒంటి మీద గని దుమ్ముతోనే, లోపలికి వచ్చి పెదనాయన నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. పెదనాయన కళ్లు మూసుకున్నాడు. మామ బయటికి వెళ్లి, "కాలిపోతా ఉండాడప్పా. ఇంగ ఎవురూ లోపలికి పోవద్దండి" అన్నాడు. గ్యాంగు మనిషిని పట్టివ్వడం వాళ్లలో లేదు.

సభలో హక్కుపత్రం మాట ఎవరూ ఎత్తలేదు. అధ్యక్ష పదవీ రాలేదు. టికెట్టు వచ్చింది కానీ ఓడిపోయాడు. ఎన్ని ఓట్లతోనో నా దగ్గర ఉంది, ఇక్కడ అక్కర్లేదు. అంతకు ముందే, ఐదో నెల చివర, ఒక సోమవారం మామ సామాను లారీకెక్కింది. శ్రీనివాసపురం దగ్గర కూతురింటికి పోతున్నాడు. పెదనాయన పిలవకుండానే వెళ్లి రుబ్బురోలు ఎత్తబోయాడు. మామ వచ్చి దాన్ని ఆయన చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నాడు. "నువ్వెత్తద్దులేప్పా. ఒళ్లు బాగలేని మనిషివి."

అది ఎగతాళో, అప్పటికీ ఆయన్ను కాచడమో నాకు తేలలేదు. అడుగుదామంటే ఇద్దరూ లేరు. కాలం తేదీలన్నీ నా దగ్గర వదిలేసి, వాటికి అర్థం చెప్పగల మనుషులను తీసుకుపోయింది.